తలుపు పగలకముందే

ఆ సినిమా పేరు చెప్పను. చెబితే మీరు చేతిలోని ఫోను తెరిచి, వెతికి, చివర ఏమైందో చదివేసి, "ఓస్, ఇంతేనా" అని పక్కన పడేస్తారు. ఈ కాలపు మనుషుల సంగతి నాకు తెలుసు. కథ ముగిసేదాకా కుర్చీలో కుదురుగా కూర్చోలేరు గానీ, కారు బయటికి తీయడానికి ఎంతసేపైనా వరసలో నిలబడతారు. పేరు చెప్పడం లేదు గనుక ఖూనీ ఎవరు చేశారో చెప్పేసినా నాకు ఫికర్ లేదు. మీరు ఎక్కడా వెతుక్కోలేరు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు నన్ను గచ్చిబౌలిలో ఒక మాల్‌కి తీసుకుపోయింది. నలుపు తెలుపు కాలం నాటి అపరాధ పరిశోధన సినిమా ఒకటి, గీతలూ మచ్చలూ తుడిచి కొత్తగా చేసి, ఒకే ఒక్క ఆట వేస్తున్నారట. "నీ కాలం సినిమా తాతా, పోదాం పా" అంది. లిఫ్టులో గోడకున్న తెర మీద కోటు తొడుక్కున్న మనిషొకడు అపార్టుమెంట్లు అమ్ముతూ, "ఒకప్పుడు ఇక్కడ ఏమీ లేదు" అంటున్నాడు.

ఒళ్లు మండింది. ఏమీ లేదట!

"మేమేమన్న గాలిలో పుట్టినమారా?" అని ఆ తెరని అడిగాను. లిఫ్టులో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. మనవరాలు నా చెయ్యి నొక్కి పట్టుకుంది.

ఇంటర్వెల్లో అది ఒక బకెట్టంత పేలాల డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మొదటి సీన్లలో దాని కళ్లు తడవడం నేను చీకట్లోనే చూశాను. ఇప్పుడు ముక్కు తుడుచుకుంటూ నా చెవి దగ్గర వంగింది.

"వాచ్‌మన్ గదా తాతా చంపింది? నువ్వు చిన్నప్పుడే చూసినవంట. చెప్పవా?"

"తిను."

"చెప్పు తాతా. ఎవరికీ చెప్పను."

"చూడు" అన్నాను.

ఆ మాట నాది కాదు. లింగంపల్లి డేరా టాకీసులో సినిమా మిషిన్ నడిపే ఒకాయన దగ్గర నేర్చుకున్న మాట.

ఇప్పుడు ఆఫీసు బస్సులు బారులు తీరే చోట ఆ రోజుల్లో గుండ్లు ఉండేవి. ఏనుగంత గుండు మీద ఎద్దంత గుండు, దాని మీద మేకంత గుండు. ఎవరో పేర్చి, మధ్యలో అన్నానికి లేచి వెళ్లినట్టు ఉండేవి. వాటి సందుల్లో మా ఇళ్లు. ఎండాకాలం పగలంతా ఆ రాళ్లు కాగి కాగి, పొద్దుగూకాక వెచ్చగా ఒంటికి హాయిగా ఉండేవి. వాటి మీద వెల్లకిలా పడుకుని ఈతపండ్లు తిని, గింజలు ఎవరు దూరం ఊస్తారో పందెం వేసుకునేవాళ్లం. మేకల వాసన, ఎండిన గడ్డి వాసన, ఎక్కడో జొన్నరొట్టె కాలుతున్న వాసన. తాటిముంజల వాడు వస్తే ముంజలు బొటనవేలుతో పొడుచుకుని, నీళ్లు మోచేతి దాకా కారేలా తాగేవాళ్లం. ఏమీ లేదు అన్నవాడికి ఒక్క ముంజ పెట్టి ఉంటే తెలిసేది.

అరవై తొమ్మిది ఎండాకాలం బడి మూశారు. పట్నంలో కాలేజీ పిల్లలు రోడ్ల మీదికి వచ్చారు. తెలంగాణ మాకు వేరే కావాలని పెద్దలు, పిల్లలు, మాస్టర్లు కూడా లేచారు. బడులకి తాళాలు పడ్డాయి. మిగతా పిల్లలకి ఆ తర్వాత తాళం తీశారు. నాకు తీయలేదు. మేకలు కాయడానికి మనిషి కావాలన్నాడు మా నాయన. అట్లా బడి నన్ను వదిలేసింది గానీ నేను చదువును వదల్లేదు. గోడల మీద రాసిన నినాదాలు నాకు వాచకం. సినిమా పోస్టర్లు నాకు బొమ్మల పుస్తకం. పొట్లం కట్టిన కాగితం కనిపిస్తే విప్పి చదవకుండా ఉప్పు కూడా ఇంట్లో ఇచ్చేవాణ్ణి కాదు. ఇవాళ డిగ్రీలు మెడలో వేలాడదీసుకుని తిరిగే వాళ్లకంటే నాలుగు ముక్కలు ఎక్కువే చదివాననుకుంటా. సరే, ఆ గొడవ మళ్లీ.

పట్నంలో కాలేజీ మూసేస్తే మా చిన్నాయన ఇంటికి వచ్చేశాడు. నాయన కన్నా చాలా చిన్న, నాకన్నా కొంచెమే పెద్ద. బక్కగా ఉన్నా గొంతు మాత్రం రైలు కూత. ఆయన "జై" అంటే గుండ్లు "జై" అనేవి. అంతకుముందు కొలువు కోసం పట్నమంతా తిరిగి చెప్పులరగదీసుకున్నాడు. ఏ ఆఫీసుకు పోయినా ఆ కుర్చీలో కోస్తా నుంచి వచ్చినవాడు ముందే కూర్చుని ఉన్నాడని చెప్పేవాడు. ఆ కోపం ఉత్తది కాదు. నేనిప్పటికీ దాన్ని ఉత్తది అనను.

ఆయనకి ఇంకో పిచ్చి ఉండేది, సినిమా. అందులోనూ ఖూనీ సినిమాలు. "ఇంటర్వెల్ కాకముందే నేను పట్టేస్త చూడు" అనేవాడు. ఎప్పుడూ పట్టేవాడు కాదు. "గాడు గాదని నాకు ముందే తెలుసు, మిమ్మల్ని పరీక్షించిన" అని ఇంటికొచ్చేదాకా వాదించేవాడు.

మా డేరా టాకీసు లింగంపల్లి స్టేషనుకి ఇవతల, పట్టాల పక్క మైదానంలో ఉండేది. గుండ్ల మధ్య కాలిబాట పట్టుకుని నడిచి పోయేవాళ్లం. తార్పాలిన్ కప్పు, చుట్టూ తడకలు, ముందు నేల, వెనక బల్లలు, ఆడవాళ్లకి మగవాళ్లకి మధ్య ఒక మట్టి గోడ. ఎండకి కాగిన తార్పాలిన్ వాసన, బీడీ పొగ, పుట్నాలు, ఉడికించిన శనగ గుడాల మీద చల్లిన ఉల్లికారం వాసన. ఆ వాసనలన్నీ కలిస్తేనే నాకు సినిమా. ఈ మాల్‌లో తెర ఒక్కటే ఉంది, దానికీ వాసన లేదు.

మిషిన్ ఒక్కటే. అందుకని ఒక రీలు అయిపోగానే ఆట ఆగేది, బుడ్డి బల్బు వెలిగేది, ఇంకో రీలు ఎక్కించేదాకా జనానికి తీరిక. ఆ తీరికలోనే అసలు సినిమా నడిచేది. ఎవరు దొంగ, ఎవరు దొర, ఎవరి కళ్లు ఎట్లా తిరిగాయి అని నేల మీద పంచాయతీలు, గోడకి అటునుంచి ఆడవాళ్ల తీర్పులు. మేం పిల్లలం మిషిన్ గది కింద దొరికే తెగిన రీలు ముక్కల కోసం కొట్టుకునేవాళ్లం. ఫ్యూజు పోయిన బల్బులో నీళ్లు నింపి, అద్దంతో ఎండ పట్టి, ఆ ముక్కల్ని మా నాయనమ్మ ఆరేసిన తెల్ల చీర మీద ఆడించేవాణ్ణి. ఒకసారి ఆమె వచ్చి చూసేసరికి చీర మీద ఒక హీరో తలకిందులుగా నవ్వుతున్నాడు. "నా చీరల మొగోడెవడ్రా!" అని కట్టె పట్టుకుని గుండ్ల దాకా తరిమింది.

మిషిన్ నడిపే ఆయన కోస్తా మనిషి. అందరూ మిషిన్ సారు అనేవాళ్లు. పొడుగ్గా, వంగి ఉండేవాడు. చేతులకి ఎప్పుడూ రీలు అతికించే జిగురు వాసన, మాగిన అరటిపండు వాసన లాంటిది. ఆయన భార్య దవాఖానలో నర్సు. సిస్టరమ్మ. తెల్లచీర, మెడలో సన్నటి గొలుసుకి చిన్న సిలువ. ఆదివారం పొద్దున ఇద్దరూ ఒక సైకిల్ మీద చర్చికి పోయేవాళ్లు, ఆమె వెనక కూర్చుని పాట పాడుతూ. మా చెల్లెలు అమ్మ కడుపులో అడ్డం తిరిగినప్పుడు పొద్దంతా మా ఇంట్లోనే ఉండి బయటికి తీసింది ఆమె. దానికి బదులుగా మా నాయనమ్మ జొన్నరొట్టెలు పంపేది, ఆమె తిరిగి ఆవకాయ పంపేది. "అమ్మో, వీళ్ల కారం తింటే మనిషి పట్నం దాకా ఉరుకుతడు" అనేది నాయనమ్మ, జాడీ దాచుకుంటూ.

అందుకే అరుగు మీద చిన్నాయన స్నేహితులు కూర్చుని "బయటోళ్లంత పోవాలె" అని మాట్లాడుతుంటే నాయనమ్మ లోపల్నుంచే అంది:

"సిస్టరమ్మను గూడ పొమ్మంటవారా? మరి నీ అన్న బిడ్డను ఎవరు బయటికి తీసిన్రు, నువ్వా?"

"గామె సంగతి వేరే అమ్మా."

"గట్లయితే అందరి సంగతి వేరే వేరేనే ఉంటది. కూసోని ఒక్కొక్కరిది చెప్పు, ఇంట."

చిన్నాయన లేచి బయటికి పోయాడు.

అలాంటి రోజుల్లో ఆ సినిమా వచ్చింది.

ఒక పెద్ద బంగళా. యజమాని రాత్రి పాలు తాగి, గది గడియ వేసుకుని పడుకుంటాడు. పొద్దున తలుపు తీయడు. నౌకర్లు గునపంతో తలుపు పగలగొడితే లోపల చచ్చి పడి ఉంటాడు. పాలలో విషం. ఆ ఇంట్లో చనిపోయినాయన అక్క ఒకామె ఉంటుంది, తలనెరిసిన విధవ. అందరికీ వడ్డించేది ఆమె, అందరి కన్నీళ్లు తుడిచేది ఆమె. ఒక వాచ్‌మన్ ఉంటాడు, కుంటివాడు, ఆవు పాలు పిండి లోపలికి ఇచ్చేది అతనే.

ఆ వాచ్‌మన్ మా మాట మాట్లాడతాడు. మా మాట అంటే మా మాట కాదు. మమ్మల్ని దూరం నుంచి విన్నవాడు వెక్కిరించినట్టు ఉంటుంది. బంగళాలో అందరూ గారు, అండి అని నెమ్మదిగా మాట్లాడితే ఇతనొక్కడే "గట్లనే దొరా" అంటాడు, జనం నవ్వాలని. సినిమాల్లో అప్పుడు మా భాష నౌకరుకో రౌడీకో తప్ప ఇంకెవరికీ ఉండేది కాదు. ఇప్పుడు హీరోలు మాట్లాడుతున్నారు, ఇప్పుడూ తప్పే మాట్లాడుతున్నారు. అయినా ఆ రోజు నేల మీద అందరం నవ్వాం. చిన్నాయన నవ్వలేదు.

మొదటి రీల్లో తలుపు పగలగొడుతుండగా ఆ అక్క పక్కన నిలబడి ఏడుస్తుంది. గోడకి అవతల మా ఆడవాళ్లందరూ ఒక్కసారి శోకం అందుకున్నారు. మా దగ్గర అంతే. ఒకామె ఏడుపు ఎత్తిందంటే పక్కనామె భుజం మీద చెయ్యేసి గొంతు కలుపుతుంది. ఎవరు పోయారని ముందు అడగరు, తర్వాత అడుగుతారు. ఆ సినిమా అక్క వెంట మా నాయనమ్మ కూడా ముక్కు చీదింది. తెర మీద మాటలు మాకేం వినపడలేదు.

కథ నడిచే కొద్దీ వేళ్లన్నీ వాచ్‌మన్ వైపే తిరుగుతాయి. పాలు అతనివి. చనిపోయినాయన బంగారు గడియారం అతని తలపాగాలో దొరుకుతుంది. అతను పారిపోతాడు. ఆ అక్క ఒక్కతే అతనికి దొంగచాటుగా అన్నం పెడుతుంది. చివరికి అతన్ని పట్టి తెచ్చి, అందర్నీ హాల్లో కూర్చోబెట్టి ఇన్‌స్పెక్టరు, "ఈ ఇంట్లో హంతకుడు..." అని చెయ్యెత్తాడు. ఆ చెయ్యి వాచ్‌మన్ నిలబడ్డ వైపు తిరుగుతోంది.

తెర తెల్లగా అయింది. బల్బు వెలిగింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఒకే ప్రింటు మూసాపేట డేరాలోనూ మా డేరాలోనూ ఆడేది. అక్కడ ముందు మొదలయ్యేది, అయిన రీళ్లు సైకిల్ మీద మా దగ్గరికి వచ్చేవి. ఆ రోజు రీళ్ల సైకిల్ వచ్చింది, ఆఖరి రీలు తప్ప. దారిలో బంద్. చెట్లు నరికి రోడ్డుకి అడ్డం పడేశారు.

మిషిన్ సారు ముందుకొచ్చి, చేతులు జోడించి, "ఆఖరి రీలు రాలేదండి, రేపు ఇదే చీటీ మీద చూపిస్తాను" అన్నాడు.

"ఇంకేం జూపిస్తవ్?" చిన్నాయన లేచాడు. ఆ గొంతుకి గుడాల గంప వాడు కూడా ఆగిపోయాడు. "చూసినం గదా! మావోన్నే కుంటోని చేసిన్రు, మావోన్నే నౌకర్ని చేసిన్రు, ఇగ మావోన్నే ఖూనీకోరును చేసిన్రు. గిది చూసి మేం చప్పట్లు గొట్టాల్నా?"

ఒకడు "జై" అన్నాడు. నేలంతా అందుకుంది. నేను కూడా. అందరూ అరుస్తుంటే అరవడం ఎంత బాగుంటుందో మీకు తెలుసు. ఎవరో తడక ఊపారు. ఎవరో కిరోసిన్ మాట ఎత్తారు. రేపు పొద్దుగూకేసరికి ఈ డేరా ఉండొద్దు, ఈ మనిషి ఈ ఊళ్లో ఉండొద్దు అని అక్కడికక్కడే తేల్చేశారు. మిషిన్ సారు రీలు డబ్బా గుండెకి ఆనించి పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున చిన్నాయన, ఆయన స్నేహితులు మిషిన్ సారు ఇంటికి పోయారు. నాయనమ్మ నన్ను వెనకాల తోలింది, "వాడు ఏమన్న ఎక్కువ తక్కువ చేస్తే ఉరికొచ్చి చెప్పు" అని. రేకుల ఇల్లు. డెట్టాలు వాసన, కాఫీ వాసన. సిస్టరమ్మ ఒక ట్రంకు పెట్టెలో బట్టలు సర్దుతోంది. మమ్మల్ని చూసి చీర కొంగు బిగించి గుమ్మంలోకి వచ్చింది.

"రండి బాబూ. వెళ్లమంటే వెళ్తాం. ఈయనకో మాట చెప్పండి ముందు." భర్త వైపు తిరిగింది. "ఏవండీ, రాత్రంతా బతిమాలాను. మన ఊళ్లో ఈ సినిమా వేశారు కదా, ఆఖర్లో ఎవరో చెప్పేయండి. ఒక్క ముక్క. మీకేం పోయింది?"

"చెప్పను."

"ఇల్లు కూలుతుంటే కూడానా?"

ఆయన చిన్నాయన వైపు చూశాడు. "నేను చెబితే మీరు నమ్ముతారా బాబూ? డేరా కాపాడుకోడానికి అబద్ధం ఆడాడంటారు. నమ్మినా కూడా, నేను చెబితే అది పంచాయతీ అవుతుంది. సినిమా అవదు. అది తీసినవాడు అన్నీ మీ కళ్ల ముందే పెట్టాడు. ఒక్కటి కూడా దాచలేదు. మీరే చూడాలి. చూశాక కూడా తప్పని తోస్తే, అగ్గిపెట్టె నేనే ఇస్తాను."

చిన్నాయన మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనబడింది. కోపం ఒకటే కాదు అది. అన్నీ కళ్ల ముందే పెట్టాడన్న మాట ఆయనకి ఎక్కడో గుచ్చుకుంది. ఖూనీకోరును పట్టేస్తానని తిరిగే మనిషి కదా.

"రీలు ఏడుంది?"

"మూసాపేటలో. దారి మూశారు కదండీ."

"మూసింది ఎవరు? మేమే గదా." చిన్నాయన సైకిల్ తిప్పాడు. "నేను తెస్త. మావోడు ఖూనీ చేసినట్టుంటే పొద్దుగూకంగ డేరా పోతది. చెప్తున్న."

నన్ను వెనక కూర్చోమన్నాడు, డబ్బా పట్టుకోడానికి.

బొంబాయి రోడ్డు మీద అప్పుడు నీడ అంటే చింతచెట్లే. అందులో సగం ఆ రోజు రోడ్డు మీద అడ్డంగా పడి ఉన్నాయి. ఒక్కో చెట్టు దగ్గర కుర్రవాళ్ల గుంపు. చిన్నాయన గొంతు తెలిసినవాళ్లే అందరూ, సైకిల్ ఎత్తి అటు పెట్టేవాళ్లు. "ఎటు పోతున్నవే?" అంటే "సినిమా రీలుకు" అని చెప్పేవాడు. వాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. మాకు పచ్చి చింతకాయలు, ఉప్పు ఇచ్చారు. పళ్లు పులిసిపోయాయి.

మూసాపేట డేరా మూసి ఉంది. కాపలాగా ఉన్న మనిషి డబ్బా ఇస్తూ, "ఆఖర్ల మస్తుంటది భయ్, గా ఖూనీ ఎవరు జేసిన్రంటే..." అన్నాడు.

చిన్నాయన రెండు చెవులూ మూసుకుని "జై! జై! జై!" అని అరిచాడు. ఆ మనిషి బెదిరి రెండడుగులు వెనక్కి వేశాడు. చిన్నాయన నన్ను కూడా చెవులు మూసుకోమని కళ్లతో గద్దించాడు గానీ నా చేతిలో డబ్బా ఉంది. నేనూ "జై" అని అరిచాను. అట్లా ఇద్దరం అరుచుకుంటూనే సైకిలెక్కాం.

తిరుగు దారిలో ఎండ నడినెత్తి మీద ఉంది. రీలుకి వేడి తగలకూడదని చిన్నాయన తన తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి, కాలువలో తడిపి డబ్బాకి చుట్టాడు. తన తల ఎండలోనే పెట్టుకున్నాడు. కాల్చేద్దామనుకున్న డేరా రీలు అది. నాకప్పుడు అర్థం కాలేదు.

పొద్దుగూకగానే డేరా నిండిపోయింది. నిన్న చూసినవాళ్లు, చూడనివాళ్లు, కట్టెలు పట్టుకొచ్చినవాళ్లు. ఒకడి దగ్గర కిరోసిన్ సీసా ఉంది, కాళ్ల మధ్య పెట్టుకు కూర్చున్నాడు. సిస్టరమ్మ గోడ అవతల మా నాయనమ్మ పక్కన కూర్చుంది. ట్రంకు పెట్టె సర్దేసి వచ్చింది.

రీలు మొదలైంది. ఇన్‌స్పెక్టరు చెయ్యి వాచ్‌మన్ వైపే తిరిగింది, అతన్ని దాటింది. ఇంకా తిరిగింది. వడ్డించే గరిటె చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అక్క దగ్గర ఆగింది.

"తలుపు పగలకముందే మీరెందుకు ఏడ్చారమ్మా?" అన్నాడు.

తెర మీద గరిటె కింద పడింది. ఆ చప్పుడు ఇవాళ మాల్‌లో పెట్టిన అంత పెద్ద స్పీకర్లలో కూడా అంత గట్టిగా రాలేదు. ఆమె జీవితమంతా ఆ ఇంటికి వండి పెట్టింది. తమ్ముడు ఇల్లు అమ్మేసి ఆమెను ఆశ్రమానికి పంపే ఏర్పాటు చేశాడు. పాలు కాచింది ఆమె. గడియారం ముందురోజే తీసి జాలితో ఇచ్చినట్టు వాచ్‌మన్‌కి ఇచ్చిందీ ఆమే. అన్నం పెట్టిన చెయ్యే. ఎవరితోనూ గట్టిగా మాట్లాడదు. చివరిదాకా గారు, అండి.

ఆట అయిపోయింది. ఎవరూ లేవలేదు. అప్పుడు గోడ అవతలనుంచి మా నాయనమ్మ గొంతు:

"నాకు నమ్మబుద్ధి గాట్లేదు. మిషిన్ సారూ, మొదటి రీలు మళ్లా వెయ్యి!"

అందరూ అందుకున్నారు. "మొదటి రీలు! మొదటి రీలు!" మొదటి రీళ్లు ఇక్కడే ఉన్నాయి, బంద్ వల్ల వెనక్కి పోలేదు. ఆయన వేశాడు. ఈసారి ఎవరూ శోకం పెట్టలేదు. గునపం తలుపుకి తగులుతోంది. తలుపు ఇంకా గట్టిగానే ఉంది. లోపల మనిషి నిద్రపోతున్నాడో పోయాడో ఎవరికీ తెలియదు. ఆమె మాత్రం, స్తంభం పక్కన, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. పెదవులు కదులుతున్నాయి. నిన్న మా ఏడుపుల్లో వినపడని మాట ఇప్పుడు వినపడింది. "పోయావా తమ్ముడూ..."

"ఏడ్సింది!" ఆడవాళ్లంతా అరిచారు. "తలుపు పగలకముందే ఏడ్సింది! ఓ యమ్మా, మనం గూడ ఆమెతోని ఏడ్సినం గదనే!"

నేను గోడ మీదికి ఎగబాకి చూస్తే, నాయనమ్మ నోరు నొక్కుకుని ఉంది. సిస్టరమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఆమె భుజం మీద వాలింది. ఇటు నేల మీద కిరోసిన్ సీసా వాడు సీసాని మెల్లగా చొక్కా కింద దాచుకున్నాడు.

ఆ తర్వాత ఎన్ని సినిమాలు చూశాను! చివర్లో మలుపు తిప్పేవాళ్లు ఎంతమంది లేరు? వాళ్లు జేబులోంచి తీసినట్టు ఎవణ్ణో పట్టుకొచ్చి నిలబెడతారు. అది మోసం. ఈ సినిమా తీసినాయన ఏదీ దాచలేదు. మొదటి రీల్లోనే చెప్పేశాడు. మేమే గోల చేసి వినిపించుకోలేదు.

చిన్నాయన మిషిన్ గది దగ్గరికి పోయాడు. నేను వెనకే.

"సారూ. మావోడు ఖూనీ చేయలే. ఒప్పుకుంటున్న. గానీ అతను మాట్లాడినప్పుడల్ల నవ్వాలె అని పెట్టిన్రు గదా. గది గూడ మీ కళ్ల ముందే ఉండె గదా?"

మిషిన్ సారు రీలు చుట్టడం ఆపాడు.

"ఇన్ని ఆటలు వేశాను బాబూ. నవ్వు వచ్చిన చోటల్లా నేనూ నవ్వాను. అది మాత్రం నేను చూడలేదు. మీరు చూపించారు."

చిన్నాయన డబ్బా మీది తడి తువ్వాలు తీసి, పిండి, తలకి చుట్టుకున్నాడు. "రేపటి ఆటకు రీళ్లు నేనే తెస్త. వేరేటోళ్లను రోడ్డు మీద పోనియ్యరు" అన్నాడు.

బంద్ ఉన్నన్నాళ్లు తెచ్చాడు. ఉద్యమం విడిచిపెట్టలేదు, సినిమా విడిచిపెట్టలేదు. ఒకనాడు పట్నంలో లాఠీ దెబ్బ తిని కనుబొమ్మ చీలి ఇంటికొచ్చాడు. రక్తం చూసి నాయనమ్మ నెత్తి కొట్టుకుంటూ శోకం ఎత్తింది. సిస్టరమ్మ సూది దారం తీసి, "ఉండండమ్మా, తలుపింకా పగల్లేదు" అంది. కుట్లు పడుతుంటే చిన్నాయన నొప్పికి అరిచాడో నవ్వాడో! ఆ మాట మా ఇంట్లో ఉండిపోయింది. ఎవరన్నా ముందే కంగారు పడితే, ముందే తీర్పు చెబితే, తలుపు పగిలిందా అని అడిగేవాళ్లం. రెండోసారి ఉద్యమం లేచినప్పుడు, ఈ అద్దాల మేడల మధ్య, ముసలి చిన్నాయన ఊరేగింపులో నడుస్తూ పక్క కుర్రాడికి అదే చెప్పాడు. వాడికేం అర్థమైందో.

ఆ డేరాని ఏ అల్లరీ కూల్చలేదు. చాలా ఏళ్ల తర్వాత ప్లాట్లు కూల్చాయి. గుండ్లను మందుపెట్టి పేల్చారు. మిషిన్ సారు, సిస్టరమ్మ మా వాళ్ల మధ్యే ముసలివాళ్లయ్యారు, ఇక్కడి మట్టిలోనే ఉన్నారు. కోటు తొడుక్కున్నవాడు ఏమీ లేదంటున్నది ఆ మట్టిని.

మాల్‌లో సినిమా ఆఖరి రీలు దగ్గరికి వచ్చింది. ఇన్‌స్పెక్టరు అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు. సరిగ్గా అప్పుడే మా ముందు వరస లేచింది. పార్కింగులో రద్దీ కాకముందే వెళ్లాలట. ఫోన్ల వెలుగు, కుర్చీల చప్పుడు. నా పక్కన ఒక కుర్రాడు కూడా లేచి, "వాచ్‌మనే కదా, తెలిసిపోయిందిలే" అన్నాడు.

నాకు తెలియకుండానే వాడి చెయ్యి పట్టుకున్నాను.

"కూర్చో బిడ్డా. నీ కారుకేం కాదు."

"అయిపోయింది కద అంకుల్..."

"చూడు" అన్నాను.

ఏమనుకున్నాడో, కూర్చున్నాడు. నేను తెర వైపు చూడలేదు. అది నాకు తెలుసు. మా మనవరాలి ముఖం చూస్తూ కూర్చున్నాను. చెయ్యి వాచ్‌మన్‌ని దాటింది. గరిటె పడింది. పిల్ల నోరు తెరుచుకుంది, మెల్లగా నా వైపు తిరిగింది.

"తాతా... నేను కూడ ఆమెతోని ఏడ్చిన గదా!"

పక్క కుర్రాడు ఇంకా లేవలేదు. దీపాలు వెలిగాయి. తలుపు దగ్గర ఊడ్చేవాళ్లు చీపుర్లు పట్టుకుని నిలబడ్డారు, మేం లేస్తే ఊడుద్దామని. నాకు మాత్రం మిషిన్ గది ఎటున్నదో వెతికి, మొదటి రీలు మళ్లీ వెయ్యమని అరవాలనిపించింది. వెనక్కి తిరిగి చూశాను. అక్కడ గోడలో చిన్న అద్దం కిటికీ ఒకటి ఉంది. దాని వెనక మనిషి లేడు.